రాట్నం దగ్గర కూర్చోబెట్టిన ఫొటో

పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన మనిషి చెవి మీదికి జుట్టు లాక్కుంటే చాలు, ఆ రోజంతా నాకు మనశ్శాంతి ఉండేది కాదు. ఏం దాస్తున్నాడు? ఎందుకు దాస్తున్నాడు? శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళకు పైగా ఫొటో స్టూడియో నడిపి, మోకాళ్ళు మొరాయిస్తే షట్టర్ దించేసినవాణ్ని. పెళ్ళిచూపుల ఫొటోలో రంగు రెండు మెట్లు పెంచమన్నవాళ్ళను చూశాను. పక్కింటి మోటార్ సైకిలు అరువు తెచ్చి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డవాళ్ళను చూశాను. అందుకే ఎవరేం చెప్పినా ముందు అనుమానపడేవాణ్ని. ఆ అనుమానానికి అనుభవం అని పేరు పెట్టుకుని మురిసిపోయేవాణ్ని.

ఇప్పుడు కెమెరా కొనుక్కుని ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా కనిపించను. ముందే చెబుతున్నాను కాబట్టి చదివాక నన్ను తిట్టుకోకండి.

స్టూడియో మూసేయడానికి రెండేళ్ళ ముందు మాట. పొందూరు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. భుజానికి పెద్ద గుడ్డసంచి, పక్కన డిగ్రీ చదివే మేనకోడలు. ఆవిడ ఖద్దరు అమ్ముతుంది. పొందూరులో నలుగురు ముసలమ్మల చేత నూలు వడికించి, ఆ నూలు మగ్గానికిచ్చి నేయించి, ఆ గుడ్డ సంచిలో వేసుకుని రైలెక్కి విజయనగరం, కొత్తవలస దాకా ఇళ్ళకూ ఆఫీసులకూ తిరిగి అమ్మేది. విశాఖపట్నంలో ఒక పెద్ద బట్టల కొట్టువాళ్ళు ఆవిడ గుడ్డ చూసి ముచ్చటపడి, తమ కొట్లో ఆవిడకు విడిగా ఒక అర ఇస్తామన్నారట. కాకపోతే ఒక షరతు. గుడ్డతోపాటు ఆవిడ మొఖం కూడా కనపడాలి. ఫోన్లో ఒక పేజీ ఉండాలి, అందులో మంచి ఫొటోలుండాలి.

"దీన్ని పర్సనల్ బ్రాండింగ్ అంటారు అంకుల్," అంది మేనకోడలు.

ఆ మాట మీద కూడా నాకు అనుమానమే. మా కాలంలో వ్యాపారికి బోర్డు మీద పేరుంటే సరిపోయేది. ఆ పిల్ల నమూనాలంటూ ఫోన్లో కొన్ని చూపించింది. ఒకావిడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఖాళీ కప్పు పట్టుకుని, పకపకా నవ్వుతోంది. ఖాళీ కప్పులో అంత నవ్వు తెప్పించేదేముందో నాకు బోధపడలేదు.

"మీకు ఇలాంటివి వద్దమ్మా," అన్నాను పొందూరు ఆవిడతో. "రాట్నం ముందు కూర్చోండి. చేతిలో పోగు, పక్కనుంచి వెలుతురు. ఒక్క ఫొటో చాలు."

ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఎలగైనా తీయండి బాబూ. గుడ్డ కొలిసినట్టు తీయండి, సంచి మోసినట్టు తీయండి. రాట్నం కాడ మాత్రం కూకోను."

"ఎందుకని?"

"కూకోనంటే కూకోను. అంతే."

మేనకోడలు ఏదో చెప్పబోయింది. ఆవిడ ఆ పిల్ల మోచేయి నొక్కింది. నేను చూడలేదనుకుంది గానీ నా కళ్ళు ఆ నొక్కుడు మీదే ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళాక మా బావతో అన్నాను, "ఇందులో ఏదో ఉంది" అని. బావ అంటే సొంత బావ కాదు, వరసకి. పాత రోజుల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు చెరిపే టచింగ్ పని చేసేవాడు. తర్వాత కంప్యూటర్ నేర్చుకుని అదే పని మౌస్‌తో చేశాడు. జిల్లాలో సగం మంది మొఖాల మీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. ఎవరివీ బయటపెట్టలేదు.

"ఏటుంటాది? ఇష్టం నేదు, కూకోదు," అన్నాడు.

"కాదు బావా. ఆ గుడ్డ రాట్నం నూలు కాదు. మిల్లు నూలు. అందుకే రాట్నం పేరెత్తితే ఉలిక్కిపడింది."

"నీకు దేవుడు కనిపించినా ఆధార్ కార్డు అడుగుతావు," అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ వారంలోనే స్థలం చూసుకోవడానికి పొందూరు వెళ్ళాను. ఎక్కడ ఏ వేళకి ఎండ పడుతుందో ముందుగా చూసుకోకుండా నేనెప్పుడూ కెమెరా తీయలేదు. అది మాత్రం మీరు నా దగ్గర నేర్చుకోదగ్గ పని. ఆవిడ ఇంటి ముందు పొడుగాటి వసారా ఉంది. అందులో నాలుగు రాట్నాలు వరసగా ఉన్నాయి. నాలుగింటి ముందూ పీటలున్నాయి, మనుషులు లేరు. ఒక రాట్నానికి పోగు సగంలో ఆగి ఉంది.

"వడికేవాళ్ళెక్కడ?" అన్నాను.

"పనుండి ఎల్లినారు," అంది ఆవిడ నా మొఖం చూడకుండా.

నలుగురికీ ఒకేసారి పనొచ్చిందా? అదీ కెమెరావాడు వస్తున్నాడని తెలిసిన రోజునే? నా అనుమానం గట్టిపడింది. ఆవిడ మంచినీళ్ళకోసం లోపలికెళ్ళగానే, గోడవారన బుట్టలో ఉన్న చిలప ఒకటి తీశాను. చిలప అంటే చుట్టి పెట్టిన నూలుకట్ట. దాని కొస లాగి, మూరెడు పోగు తెంపి జేబులో వేసుకున్నాను. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, పరాయి ఇంట్లో నూలు తెంపుకుని జేబులో కుక్కుకున్నాను. అప్పుడు నాకది దొంగతనం అనిపించలేదు. నేనేదో గూఢచారి పని చేస్తున్నాననుకున్నాను.

స్టూడియోకొచ్చి అగ్గిపుల్ల గీసి ఆ పోగులో సగం కాల్చాను. కాయితం కాలిన వాసనొచ్చింది.

"ఏటి తెలిసింది?" అన్నాడు బావ.

"ఇది పత్తి."

"మిల్లోడు మాత్రం గడ్డితో సేస్తాడేటి నూలు? అదీ పత్తే కదా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత మిగిలిన సగం పోగును దగ్గర్నుంచి తీసే లెన్స్ కింద పెట్టమని, ఫొటో తీయించి, కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు. పోగు ఒకచోట సన్నం, ఒకచోట కాస్త లావు. "మిల్లు నూలు ఇలగుండదు. ఇది సెయ్యి. ఇక్కడ సూడు, ముసిల్ది దగ్గినట్టున్నాది, పోగు ఉబ్బింది," అన్నాడు.

నూలు నిజమైనదే. అక్కడితో ఆగిపోవలసింది. కానీ అనుమానం ఒక గుమ్మం దగ్గర తలుపు వేస్తే ఇంకో గుమ్మం వెతుక్కుంటుంది. నూలు నిజమైతే రాట్నం దగ్గర కూర్చోవడానికేం? సిగ్గు అయ్యుంటుంది, అని తీర్మానించాను. పల్లెటూరి మనిషి, పీట మీద కూర్చుంటే నామోషీ అనుకుంటోంది. ఆవిడకు ఏది మంచిదో ఆవిడకంటే నాకు బాగా తెలుసు అనుకున్నాను. ఆవిణ్ని మాత్రం ఇంకోసారి అడగలేదు.

ఫొటోల రోజు ఉదయం ఎండ బాగా కుదిరింది. ఆవిడ గుడ్డ మూరలు కొలుస్తుంటే తీశాను. అంచు వేళ్ళతో నిమిరి చూస్తుంటే తీశాను. ఆవిడకు కెమెరా అంటే భయం లేదు, నేనంటేనే భయం. ప్రతి ఫొటోకీ "ఏదీ, సూడనీ" అని వచ్చి కెమెరా వెనక చూసేది. ఆ ముసలమ్మలు ఆరోజూ లేరు.

"లైటు చూసుకోవాలమ్మా," అన్నాను చివర్లో. "ఒక్క నిమిషం ఆ పీట మీద కూర్చోండి. ఇది ఫొటో కాదు."

ఆవిడ సందేహించింది. "ఫొటో కాదు కదేటి?"

"కాదు."

కూర్చుంది. రాట్నం చక్రం మీద కుడిచెయ్యి పెట్టమన్నాను. ఎడమచెయ్యి ఖాళీగా ఉందని గూట్లో కనిపించిన వాలుగ చేప దవడ తీసి ఆ చేతిలో పెట్టాను. సన్నటి పళ్ళ వరసతో, వాడివాడి నున్నబడి, వెలుతురులో మెరిసిపోతోంది. పొందూరు నూలుకీ ఆ చేప దవడకీ ఏదో సంబంధముందని విన్నాను. ఏ సంబంధమో కనుక్కోలేదు. మూడుసార్లు నొక్కాను. లైటు పరీక్షే అనుకుని ఈసారి ఆవిడ వచ్చి చూడలేదు.

బావ ఆ ఫొటోని తెర మీద పెద్దది చేశాడు. "వెలుతురు బంగారంలాగున్నాది. ఆవిడ మొఖం సూడు మరి," అన్నాడు. "ఒక్క దీన్లోనే నవ్వు నేదు."

"గంభీరంగా ఉంది. అదే అందం."

"మచ్చయితే సెరిపేద్దును. ఇది నా వల్ల కాదు బావా," అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఫొటోలన్నీ మేనకోడలికి పంపించాను. అది కూడా. ఆ పిల్ల ఫోన్ చేసి, "రాట్నం ఫొటో చాలా బాగుంది అంకుల్, అత్త ఒప్పుకుందా?" అంది. "ఒప్పుకోకుండా ఎలా కూర్చుంటుంది?" అన్నాను. కింద ఏం రాయమంటారు అంటే నేనే చెప్పాను, "నా చేతులతో వడికిన నూలు" అని. అత్త ఒప్పుకుందంటే సరే అని ఆ పిల్ల అదే రాసింది. ఆ రాత నాదే. అది ఎంత బాగా కుదిరిందా అని ఆ సాయంత్రం రెండుమూడు సార్లు నాలో నేనే అనుకుని మురిసిపోయాను.

ఫొటోని బోలెడుమంది మెచ్చుకున్నారు. విశాఖ కొట్టువాళ్ళు దాన్నే తమ గుమ్మంలో పెద్దది చేసి పెడతామన్నారు.

అయిదో రోజు పొద్దున్నే ఆవిడ స్టూడియోకొచ్చింది. ఒక్కతే. సంచి వట్టిపోయి భుజానికి వేలాడుతోంది.

"ఫొటో కాదన్నారు కదా బాబూ," అంది.

నేను ఏదో గొణిగాను. ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. నలుగురు ముసలమ్మలూ నూలు ఇవ్వడం ఆపేశారు. ఎవరి మనవరాలి ఫోన్లోనో ఫొటో చూశారట. మొదట నవ్వుకున్నారట, రాట్నం దగ్గర దవడ ఏమిటని. వడ్డించిన అన్నం పక్కన రోకలి పెట్టుకుని కూర్చున్నట్టుందని. ఆ తర్వాత ఒకరు కింద రాసింది చదివి వినిపించారట. అప్పుడు లేచి ఎవరి రాట్నం వాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయారట.

"నాను వడకను బాబూ. పెళ్ళైన కొత్తలో నేర్సుకుందామని సూసినాను. నా సేతికి రానేదు, పోగు తెగిపోతాది. వడికేది ఆళ్ళు. నాను అమ్ముతాను, అంతే. ఎనకటికి ఒకాయన ఇలగే ఆళ్ళ రాట్నం కాడ కూకోని ఫొటోలు తీయించుకున్నాడు. అన్నీ తనే సేసినట్టు సెప్పుకున్నాడు. అప్పట్నుంచి ఆళ్ళదొక కట్టుబాటు. వడకనోల్లు ఆ పీట మీద కూకోకూడదు. ఆళ్ళందర్లోకీ పెద్దది, పెద్దప్పకి నాను మాటిచ్చినాను. కెమెరా అంటే ఆళ్ళకి పడదు, అందుకే మీరొస్తే ఎల్లిపోయీవోరు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాను. తప్పు నాదైనప్పుడు ఎదుటివాళ్ళ మీద చిరాకుపడటం నాకు బాగా వచ్చు.

"మీరు పోలీసోల్లాగ అడిగినారు. పోలీసోల్లకి ఎవులు సెప్తారు?" అంది ఆవిడ. "కొట్టోల్లకి గుడ్డ పంపాల. నూలు నేదు. పండక్కి అర నింపకపోతే ఇంకెవులికో ఇచ్చేస్తారు. నలుగురికీ ఏడాది పొడుగునా పనుంటాదని ఆశపడినాను బాబూ." కళ్ళు తుడుచుకోలేదు, అవి నిండనివ్వలేదు. గుమ్మం దాటాక మాత్రం మెట్టు దిగుతూ తడబడింది.

నాకు సిగ్గేసింది. ఆ మాట ఇలా రాయడం తేలిక. ఆరోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలుపుకోలేకపోయాను. ముప్పై ఏళ్ళపాటు ఊరందరిలో మోసం వెతికాను. ఆ వ్యవహారం మొత్తంలో మోసం చేసినవాణ్ని నేనొక్కణ్నే.

మర్నాడు బావను తోడు తీసుకుని పొందూరు వెళ్ళాను. పెద్దప్ప ఇల్లు ఆ వీధి చివర. ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. నలుగురిలో అందరికంటే సన్నటి నూలు ఆవిడదే. మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. మా వెనకే పొందూరు ఆవిడా, మేనకోడలూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ళను ఎవరూ లోపలికి రమ్మనలేదు.

"ఫొటో బాబువా? ఇలగ కూకో," అంది పెద్దప్ప. నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఆవిడ నా ముందు దవడ పెట్టింది, గింజలున్న పత్తి గుప్పెడు పెట్టింది. "ఇది ఏటికో సెప్పు."

"నూలు సాఫుగా రావడానికి..."

"నూలుకా!" ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. వాళ్ళ నవ్వులో జాలి లేదు.

"పత్తి దువ్వడానికి," అంది పెద్దప్ప. "గింజ తీయకముందు, రాట్నం ఎక్కకముందు. దువ్వు. సూస్తాను."

దువ్వాను. పళ్ళకి పత్తి చిక్కుకుని ఉండ కట్టింది. ఇంకోసారి లాగితే తెగింది. దూది నా మీసాల్లోకి ఎగిరింది. ఆవిడ అడ్డు చెప్పలేదు, ఆపమనలేదు. నా చెయ్యి తిమ్మిరెక్కేదాకా చూసింది. గుమ్మం దగ్గర మేనకోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

అప్పుడు దవడ నా చేతిలోంచి తీసుకుని పెద్దప్ప అడిగింది. "ఆ పిల్ల రాట్నం కాడ ఎందుకు కూకుంది?"

నేను పొందూరు ఆవిడ వైపు చూశాను. ఆవిడ తల వంచుకుంది. "నాను కూకున్నానని సెప్పినాను కదా అప్పా," అంది నెమ్మదిగా. "నాదే తప్పు."

అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ నా పేరు ఎత్తలేదు. నేను కూర్చోబెట్టానని గానీ, ఫొటో కాదని అబద్ధమాడానని గానీ, కింద మాట నాదని గానీ చెప్పలేదు. అన్నీ తన మీదే వేసుకుంది. నేను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నిజం చెబుతున్నాను, ఊరుకోవాలనిపించింది. ఒక్క నిమిషం ఊరుకున్నాను కూడా. బావ నా వీపు మీద వేలితో పొడిచాడు.

"నేనే కూర్చోబెట్టానమ్మా," అన్నాను. "ఫొటో కాదని అబద్ధం చెప్పాను. ఆ రాత కూడా నాదే. ఈవిడ వద్దంటూనే ఉంది."

పెద్దప్ప నన్ను ఎగాదిగా చూసింది. నేను కస్టమర్లను చూసే చూపు అది. దాని ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"నా సిలప కొస ఇప్పేసినోడివి కూడా నువ్వేనా? మూరెడు పోగు నేదు. ఈ గుంట తెంపిందని అప్పట్నుంచి తిడతన్నాను," అంది మేనకోడలిని చూపించి.

"నేనే."

"ఏటి సేసినావు?"

"కాల్చాను. మిల్లు నూలేమోనని."

"కాల్సినావా! ఏటి తెలిసింది?"

"పత్తని తెలిసింది."

ఈసారి బావతో సహా అందరూ నవ్వారు. పెద్దప్ప నవ్వలేదు.

"గుడ్డ కొన్నోల్లకి నా పేరు తెలవక్కర్నేదు బాబూ," అంది. "ఎనభై యేళ్ళొచ్చినాయి, నన్నెవులూ మెచ్చుకోకపోయినా వడికినాను. నా సేతులు ఇంకొకరివని మాత్రం సెప్పకండి. నాకున్నవి ఇవే." చేతులు రెండూ చాచి చూపించింది. వేళ్ళు వంకర తిరిగి, చూపుడు వేలి పక్కన పోగు ఒరుసుకుని గీత పడి ఉంది. నా కళ్ళు తడిశాయి. నేను దాచుకోలేదు.

ఆ పూటే ఫొటో పేజీలోంచి తీసేయించాను. కొట్టువాళ్ళకు నేనే ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పి, గుమ్మంలో పెట్టొద్దన్నాను. తర్వాత ఆవిణ్ని ఆమదాలవలస స్టేషన్లో తీశాను. భుజాన సంచి, కాలు రైలు మెట్టు మీద, మొఖంలో తొందర. కింద ఏం రాయాలో ఈసారి ఆవిణ్నే అడిగాను. "వడికేది మా పొందూరు అప్పలు. మోసుకొచ్చేది నాను," అంది. అదే రాశారు.

ముగ్గురు ముసలమ్మలు మర్నాడే రాట్నాలు వెనక్కి తెచ్చుకున్నారు. అర నిండింది. పెద్దప్ప మాత్రం నూలివ్వలేదు. "అబద్ధమాడినోడు బయటోడు. మాట ఇచ్చినది ఆ పిల్ల," అందట. దాంతో అరలో అన్నీ ఉన్నా, ఆ అతిసన్నటి గుడ్డ ఒక్కటీ లేకుండా పోయింది. కొట్టువాళ్ళు అడిగినప్పుడల్లా పొందూరు ఆవిడ లేదని చెప్పేది. ఎందుకు లేదో చెప్పేది కాదు.

ఆరోజు మీసాల్లో దూదితో దవడ పట్టుకుని కూర్చున్న నన్ను మేనకోడలు ఫోన్లో తీసేసింది. అది నేను గమనించలేదు. పెద్దప్ప దాన్ని అచ్చు వేయించుకుని గూట్లో పెట్టుకుందని విన్నాను. కెమెరా పట్టుకుని ఎవరొచ్చినా, "ముందు ఇది సూడు, తరవాత మాటాడు" అంటుందట. మీలో ఎవరైనా అటు వెళితే, అందులో ఉన్నది నేనే.

స్టూడియో మూసేసిన మరుసటి ఏడు పొందూరు నుంచి నాకో చిన్న పొట్లం వచ్చింది. లోపల చేతిరుమాలు. ఉందో లేదో తెలియనంత పల్చగా ఉంది. ఆ దగ్గరి లెన్స్ తీసి చూశాను, అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ పోగు ఎవరిదో చెప్పక్కర్లేదు. అంటే పెద్దప్ప ఆవిడకు మళ్ళీ నూలు ఇస్తోందన్నమాట! రుమాలు ఒక మూల కొస తెంచకుండా మూరెడు పోగు వదులుగా ఉంచారు. పొందూరు ఆవిడకు ఫోన్ చేసి, నేత తప్పా అని అడిగాను.

"తప్పు కాదు బాబూ. పెద్దప్పే ఉంచమంది," అంది ఆవిడ నవ్వుతూ. "ఆ బాబుకి మళ్ళీ అనుమానమొస్తాది, కాల్సుకోడానికి ఉండనీ అంది."

మా ఆవిడ ఆ పోగు కత్తిరిస్తానంటోంది, చూడ్డానికి బాగాలేదట. నేను కత్తెర దాచేశాను.